ఆశ్రయ సమాచార సంఘమునకు అధ్యక్షుడు
(పట్టణ పఠనమందిరమున గావించిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము విన్నవింపబూనిన విషయము మొదట వినువారికి మిక్కిలి దూరమైనదిగను, కొంత శుష్కముగను తోపవచ్చును. బ్రిటిషు ప్రభుత్వమువారు పరదేశముల స్థితిగతులను గూర్చి సమాచారము సేకరించి, దానినిబట్టి తమ తీరమునకు శరణు వేడి వచ్చినవారికి ఆశ్రయ మిచ్చుటయో మానుటయో నిర్ణయింతురు. ఆ సమాచారము సరియైనదా కాదా యని పరీక్షించుట కొక చిన్న సలహా సంఘము గలదు. ఆ సంఘమునకు అధ్యక్షుని నియమించునపుడు ఎట్టివానిని వెదకవలెను, వెదకువా రెవరు కావలెను, దొరకినవానికి ఏపాటి స్వాతంత్ర్య ముండవలెను, ఇదియే మా ప్రసంగము. ఈ పీఠము ఖాళీయైనపుడు ప్రకటన వెలువడును, ఏ విశ్వవిద్యాలయములలోనో కొందరు చూతురు, పత్రికలు పట్టించుకొనవు. ఇంగ్లండులోనే దీని పేరు విననివారు పెక్కుమంది. అయినను ఇరువదేండ్లు న్యాయస్థానముల మెట్లెక్కి దిగిన మాకు తోచునదేమనగా, సాక్ష్యమును పరీక్షించు పని తీర్పు చెప్పు పనికన్న తక్కువది గాదు. సాక్ష్యమే చెడిన పిదప ఎంతటి ధర్మాత్ముడు పీఠమెక్కినను చేయగలిగిన దల్పము.

శరణార్థి వ్యాజ్య మెట్టిదో ముందు చూతము. 1951లో జెనీవా నగరమున కుదిరిన ఒడంబడిక ప్రకారము జాతి, మతము, జాతీయత, ఒకానొక సాంఘిక వర్గమునకు చెందియుండుట, రాజకీయాభిప్రాయము అను నైదింటిలో దేనివలననైనను తన దేశమున హింస కలుగునని సహేతుకముగ భయపడి దేశము వీడినవాడు శరణార్థి. అట్టివానిని ఆ ప్రమాదములోనికి తిరిగి నెట్టరాదు. వినుటకు తేలిక, రుజువు చేయుట కష్టము. మన మునసబు కోర్టులో పది సెంట్ల భూమికి దావా వేసినవాడు దస్తావేజో, అడంగలో, శిస్తు రశీదో, ఇరుగుపొరుగు సాక్షులనో తేగలడు. రాత్రికి రాత్రి సరిహద్దు దాటి వచ్చినవా డేమి తెచ్చును? తన్ను చితుకగొట్టిన ఠాణావారు కొట్టినట్లు రశీదు వ్రాసి యీయరుగదా! అతని సాక్షులు చెరలో నుందురు, లేదా కాటికి పోయియుందురు. కావున అతని వ్యాజ్యమున మిగులునవి రెండే: అతని నోటిమాట యొకటి, అతని దేశమును గూర్చి యితరులు వ్రాసియుంచిన సమాచార మొకటి. మొదటిది రెండవదానితో పొసగినచో నమ్ముదురు, పొసగనిచో అబద్ధికుడందురు. అనగా ఆ దేశస్థితి సమాచారమే అతని కేకైక సాక్షి. ఆ సాక్షిని పిలుచునది, పలికించునది, పలికినది వ్రాసికొనునది ఎదుటి కక్షిదారుడే! సమాచారము కూర్చువారు హోం శాఖవారు. దానిని చూచి నిర్ణయించువారు హోం శాఖవారు. అప్పీలున కెక్కినచో ప్రతివాదులును హోం శాఖవారే.

ఇట్టి చిక్కు మనకు క్రొత్తది గాదు. విభీషణుడు ఆకాశమున నిలిచి శరణు వేడినపుడు వానరసభలో ఏమి జరిగెనో రామాయణ మెరిగినవా రెల్ల నెరుగుదురు. శత్రువు తమ్ముడు గావున చంపుమని సుగ్రీవుడు, పరీక్షింపుమని అంగదుడు, చారుని బంపి చూడుమని శరభుడు, రాకూడని వేళ రాకూడని చోటికి వచ్చెనని జాంబవంతుడు, మెల్లగ ప్రశ్నింపుమని మైందుడు. మన పురాణశ్రవణములలో ఈ ఘట్టమును రాముని అభయప్రదానముతో ముగింతురు. మేము మాత్రము హనుమంతుని యొద్దనే యాగుదుము. ఆ సభలో లంకను కన్నులార చూచివచ్చినవా డతడొక్కడే. దూతను చంపరాదని రావణుని యెదుట విభీషణుడు వాదించిన మాట చెవులార విన్నవాడును అతడే. తెలిసినవాడు గనుక ఒక్కొక్కరి వాదమును విడదీసి కాదనెను. అంతకన్న ముఖ్యమైన సంగతి యింకొకటి గలదు. హనుమంతుడు సుగ్రీవుని మంత్రి. తన యేలిక ముందుగనే ఒక మాట పలికియుండగా, ఆ యేలిక సమక్షముననే దానికి విరుద్ధమైన మాటను వినయముతో, వెరపు లేక పలికెను. దేశము తెలిసియుండుట చదువువలన వచ్చును, ప్రయాణమువలన వచ్చును. తెలిసినదానిని ఏలిక యెదుట చెప్పగల గుణమును ఏ ఉద్యోగ ప్రకటనలోను అర్హతగా వ్రాయుట సాధ్యము గాదు.

ఇక మన పొరుగుననే పుట్టిన యొక వ్యవహారమును చూడుడు. సింహళమున 1983 తరువాత చెలరేగిన కల్లోలమునుండి పారి ఇంగ్లండు చేరిన ఆరుగురు తమిళులకు హోం మంత్రి ఆశ్రయము నిరాకరించెను. వ్యాజ్యము ప్రభువుల సభవరకు పోయెను. 1987 డిసెంబరులో వెలువడిన ఆ శివకుమారన్ తీర్పును శరణార్థి వ్యాజ్యములలో నేటికిని ఉదాహరింతురు. హింస జరిగి తీరునని రుజువు చేయనక్కరలేదు, జరుగుటకు తగినంత సంభావ్యత యున్న చాలునని ప్రభువులు సెలవిచ్చిరి. ఇంతవరకు శరణార్థికి మేలే. అయితే భయము మనసున నున్న చాలదు, వాస్తవములను బట్టి అది సహేతుకము కావలెననిరి. ఆ వాస్తవములను నిర్ణయించునపుడు శరణార్థికి తెలియక తనకు మాత్రమే తెలిసిన సంగతులను గూడ హోం మంత్రి గణింపవచ్చుననిరి. ఆ వాక్యము మా కన్నుల యెదుటనుండి తొలగుట లేదు. ఒక కక్షిదారునికి తెలిసినది రెండవవానికి తెలియకపోయినను చెల్లునట!

తీర్పు తమిళులకు ప్రతికూలమయ్యెను. 1988 ఫిబ్రవరిలో అయిదుగురిని సింహళమునకు తిరిగి పంపివేసిరి. వారిలో ముగ్గురికి అచ్చట దేహహింస తప్పలేదు. 1989లో వారి అప్పీలు విన్న న్యాయాధికారి, వారి భయము సహేతుకమైనదే, వారిని మరల రప్పింపవలెనని తీర్మానించెను. ఆ యేడే వారు తిరిగి ఇంగ్లండు చేరిరి. 1991లో స్ట్రాస్‌బర్గు నందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమువా రీ వ్యవహారమునే విని, పంపునాటికి ఆ వ్యక్తులకు ప్రత్యేకించి ముప్పు వాటిల్లునని ప్రభుత్వము ముందుగ గ్రహింపదగిన కారణము లగపడవు గనుక ఒడంబడిక ఉల్లంఘన జరుగలేదనిరి. దెబ్బలు తగిలినమాట నిజమే. తగులునని తెలియకపోవుట మాత్రము నేరము గాదట. న్యాయశాస్త్రదృష్టితో ఆ తీర్పును సమర్థింపవచ్చును. మేమును కోర్టులో సమర్థింపగలము. కాని తెలిసికొనుట ఎవరి విధియను ప్రశ్న అట్లే మిగిలిపోయినది.

ఆ ప్రశ్నకు కొంత సమాధానముగ నేర్పడినదే సలహా సంఘము. హోం శాఖవారు వ్రాయు దేశనివేదికలు ఒకవైపు మొగ్గుచున్నవని విమర్శలు హెచ్చియున్న కాలమున, 2002 నాటి జాతీయత, వలస, ఆశ్రయముల చట్టము 142వ సెక్షనువలన ఒక సలహా మండలి యేర్పడి, 2003లో తొలిసారి కూడెను. 2007 నాటి సరిహద్దుల చట్టము ఆ మండలిని రద్దు చేసి, దాని పనిని 48వ సెక్షనున సరిహద్దుల, వలసల ప్రధాన ఇన్‌స్పెక్టరు విధులలో చేర్చెను. ఆ ఇన్‌స్పెక్టరు 2009లో తన సాయమునకై స్వతంత్ర సలహా సంఘము నొకదానిని నెలకొల్పుకొనెను. ఈ మార్పును తేలికగ త్రోసివేయరాదు. మునుపటి మండలి శాసనసృష్టి. దానిని తీసివేయుటకు పార్లమెంటు మరల శాసనము చేయవలసి వచ్చెను. ఇప్పటి సంఘము ఒక అధికారి తన కొరకు ఏర్పరచుకొన్నది. చట్టము ఇన్‌స్పెక్టరు నెరుగును గాని ఈ అధ్యక్షు నెరుగదు.

అధ్యక్షుని పని చెప్పుటకు చిన్నది. ఏ దేశపు నివేదికను ఎప్పుడు పరీక్షింపవలెనో యోచించుట; ఆ దేశమును చిరకాలముగ నెరిగిన పండితునిచే దానిని పంక్తి పంక్తి చదివించుట; పండితుని ఆక్షేపణలను, హోం శాఖవారి సమాధానములను ఎదురెదురుగ నుంచి చర్చ జరిపించుట. పిమ్మట ఇన్‌స్పెక్టరు తన సిఫారసులను హోం మంత్రికి పంపును. విమర్శయు సమాధానమును అచ్చై లోకమున కందును. హోం శాఖవారు సిఫారసును కాదనవచ్చును. ఇంతియే.

ఇంతమాత్రపు పని ఎంతకు వచ్చునో ఎరిట్రియా చరిత్ర చెప్పును. ఆ సంగతి కొంత విస్తరింపక తప్పదు. ఎరిట్రియా ఎర్రసముద్రపు టొడ్డున నున్న చిన్న దేశము. అచ్చట 1995 నాటి శాసనము ప్రకారము ప్రతి యువతీయువకుడు 18 నెలలు జాతీయసేవ చేయవలెను. ఇథియోపియాతో 1998 మొదలు 2000 వరకు జరిగిన యుద్ధము తరువాత ఆ 18 నెలలకు అంతు లేకుండ పోయినది. పదియేండ్లు, అంతకుమించియు సేవలోనే యుంచబడినవారు గలరు. సెలవు లేక దేశము దాటుట నేరము. కావున యువకులు సుడాను ఎడారిగుండ, లిబియాగుండ, మధ్యధరా సముద్రముపై పడవలలో పారిపోవుచుండిరి. 2015లో బ్రిటనులో ఆశ్రయము కోరినవారిలో ఎరిట్రియా వారిదే మొదటి లెక్క.

అంతకుముందు 2014 నవంబరులో డెన్మార్కు దేశపు వలసశాఖవా రొక నివేదిక వెలువరించిరి. ఎరిట్రియాలో పరిస్థితి లోక మనుకొనునంత చెడ్డది గాదనియు, దొంగచాటున దేశము దాటినవారు ఒక క్షమాపణపత్రముపై సంతకము చేసి, విదేశములలో నున్నవారు చెల్లించు పన్ను చెల్లించినచో తిరిగిపోవచ్చుననియు దాని సారము. సాక్ష్య మిచ్చినవా రెవరు? చాలవరకు పేరులేనివారు: ఒక రాయబార కార్యాలయము, ఒక అంతర్జాతీయ సంస్థ, ఇట్టివారు. పేరు చెప్పిన సాక్షులలో లండనునందలి ఎరిట్రియా పండితుడు గయీం కిబ్రియాబ్ ఒకరు. తన మాటలను సందర్భమునుండి పెకలించి వక్రముగ వాడిరని ఆయన బహిరంగముగ నిరసించెను. ఆ దేశమునకు పోయి సమాచారము సేకరించిన అధికారులలో ఇద్దరు తమ శాఖతో విభేదించి ఉద్యోగములు వదలుకొనిరి. డిసెంబరు నాటికి డెన్మార్కు ప్రభుత్వమే వెనుకంజ వేసి, పెక్కుమంది ఎరిట్రియనులకు ఆశ్రయ మిచ్చెదమనెను.

కన్నవారే విడిచిన బిడ్డను ఇంగ్లండు ఎత్తుకొన్నది. 2015 మార్చిలో హోం శాఖవారు వెలువరించిన ఎరిట్రియా మార్గదర్శకములు ఆ డెన్మార్కు నివేదికపైననే విశేషముగ నాధారపడెను. దానితో ఆశ్రయము పొందు ఎరిట్రియనుల పాళ్లు ఒక్కపెట్టున దిగజారెను. సలహా సంఘము ఆ పత్రమును ఎరిట్రియా నెరిగిన పండితునిచే పరీక్షింపజేసి, అది సమగ్రము గాదనియు, ఒకే నివేదికపై మితిమీరి నమ్మక ముంచినదనియు ఆ 2015లోనే తెలియజేసెను. హోం శాఖవారు చాలవరకు ఒప్పుకొనలేదు. నిరాకరింపబడినవారు అప్పీళ్లకు పోయిరి. పోయినవారిలో హెచ్చుమంది గెలిచిరి. కడకు 2016 అక్టోబరులో అప్పర్ ట్రిబ్యునలు సుదీర్ఘ విచారణ చేసి, సేవ చేయవలసిన యీడున దొంగచాటుగ దేశము దాటినవారు తిరిగిపోయినచో సాధారణముగ నిజమైన ముప్పునకు గురియగుదురని తేల్చెను. మార్చి 2015 నుండి అక్టోబరు 2016 వరకు 19 నెలలు. ఆ 19 నెలలలో ఇరుకుగదులలో కూర్చుండి, ఉత్తరములకై తలుపువంక చూచినవారి సంగతి నివేదికలలో నుండదు. సంఘపు సలహాను మొదటనే వినియున్నచో ఆ నెలలలో హెచ్చుభాగము మిగిలియుండెడిది.

సంఘము విఫలమయ్యెనని కొంద రందురు. మేమట్లనము. అప్పీళ్లలో శరణార్థుల పక్షమున వాదించు న్యాయవాదులకు హోం శాఖ సొంత యింటినుండియే వెలువడినట్టి విమర్శ చేతి కందెను. అధ్యక్షుడు మెత్తనివాడై, మర్యాదకు లోబడి, ఆ విమర్శను నాలుగు మంచిమాటల నడుమ దాచియుండినచో ఆ మాత్రమును దక్కియుండదు.

ఈ నివేదికలలో దోషము లెట్లు చొరబడునో వృత్తిలో నున్నవారి కెరుకయే. మన సాక్ష్యశాసనము, 1872 నాటిదైనను, 2024 జూలై నుండి దాని స్థానమున వచ్చిన క్రొత్తదైనను, విన్నమాట చెప్పువానిని సాధారణముగ సాక్షిగా నంగీకరింపదు. చూచినవాడే చెప్పవలెనని శాసించును. దేశస్థితి సమాచారము మొత్తము విన్నమాటయే. ఒకరు చూచినది ఇంకొకరు వ్రాయగా, దానిని మరియొక సంస్థ ఉదాహరింపగా, ఆ ఉదాహరణమును హోం శాఖ ఉదాహరించును. ఒకే ఆధారము మూడు కాగితములలో కానవచ్చినంత మూడు ఆధారము లున్నట్లు భ్రాంతి కలుగును. దీనిని నిరాకరించుటకు వీలులేదు, ఏలయన వేరు సాక్ష్యము లేదు. కావున క్రాసు పరీక్ష చేయువా డొకడుండవలెను.

అన్నింటికన్న కీడైనది మౌనము. ఏదేని యొక జిల్లాలో స్త్రీలపై జరుగు హింసను గూర్చి ఎవ్వరును వ్రాయనిచో, నివేదికలో "సమాచారము లభింపలేదు" అని వ్రాయుదురు. నిర్ణయము చేయు గుమాస్తా చేతిలో ఆ వాక్యము "హింస జరుగుట లేదు" అని మారిపోవును. పత్రికలను మూయించి, సంఘములను వెళ్లగొట్టి, పరదేశీయులను రానీయని ప్రభుత్వము లీ విధముగ లాభము పొందును. ఎంత గట్టిగ నోళ్లు మూయించిన, అంత శాంతముగ నున్నట్లు కాగితమున కనబడును! ఏ సంగతి ఎందుకు వ్రాయబడలేదో చెప్పగలవాడు ఆ దేశమున తిరిగినవాడే. కాబట్టి అధ్యక్షుడు చేయవలసిన పనులలో నెల్ల సరియైన పరీక్షకుని వెదకుట మొదటిది.

ఇంకొక దోషమును 2018లో ప్రధాన ఇన్‌స్పెక్టరే తన తనిఖీ నివేదికలో ఎత్తిచూపెను. హోం శాఖవారి పత్రములలో ఒక దేశమును గూర్చిన సమాచారమును, ఆ దేశపువారి కోరికలను ఎట్లు పరిష్కరింపవలెనను విధానమును ఒక్క అట్ట నడుమ కలిపి కుట్టుదురు. ఈ రెండింటిని వేరుపరచుడని ఆయన సిఫారసు చేసెను; వేరుపడలేదు. మన కోర్టులో సాక్షి వాఙ్మూలము మొదటి పుటలోనే తీర్పు వ్రాసియున్న నెట్లుండునో యూహించుకొనుడు. పైగా సలహా సంఘము సమాచారమును గూర్చియే మాటలాడవలెను గాని విధానమును తాకరాదు. రెండును కలిసియున్న పుటలో ఎక్కడ ఆగవలెనో అధ్యక్షుడు ప్రతిదినము నిర్ణయించుకొనవలెను. పిరికివా డయినచో ప్రతి చిక్కు ప్రశ్నను "అది విధానము" అని ప్రక్కకు నెట్టి నిద్రించును.

ఇక నియమించువా రెవరను సంగతి. అధ్యక్షుడు ఇన్‌స్పెక్టరును ఆశ్రయించి యుండును. ఇన్‌స్పెక్టరును హోం మంత్రి నియమించును, తొలగింపనుగలడు. తొలగించినాడు గూడ. 2024 ఫిబ్రవరిలో, విమానాశ్రయముల తనిఖీలను గూర్చిన సంగతులను పత్రికలకు తెలిపినందులకు నాటి ఇన్‌స్పెక్టరును తొలగించిరి. అప్పటికి ఆయన సమర్పించిన 15 నివేదికలు ప్రకటింపబడక మంత్రి బల్లపై నుండెను. తొలగించిన కొద్దిదినములకే వానిలో 13 ఒక్కనాడు వెలువడెను. జూను వరకు ఆ పదవి ఖాళీగ నుండెను. పత్రికలతో మాటలాడుట క్రమమా కాదా యను వాదములోనికి మేము పోము. మాకు పట్టిన సంగతి వేరు: కొమ్మ నరికినపుడు దానిపై కట్టిన గూడేమగును? చట్టమున తన పేరు లేని అధ్యక్షునికి, తన్ను నియమించిన అధికారి పదవియే ఖాళీయైన నెలలలో ఏ ఆధారము?

ఆ యేటనే జరిగిన మరియొక విపరీతము గలదు. ఆశ్రయము కోరి వచ్చినవారిని ఆఫ్రికాలోని రువాండాకు పంపవలెనని 2022లో బ్రిటిషు ప్రభుత్వ మొక ఒప్పందము చేసికొనెను. 2023 నవంబరు 15న సుప్రీం కోర్టు ఏకగ్రీవముగ అది చెల్లదనెను. అచ్చటికి పంపబడినవారిని తిరిగి హింసాస్థానములకే నెట్టు ప్రమాదము గలదని సాక్ష్యమును పరిశీలించి, ముఖ్యముగ ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థవారి యనుభవమును ఆదరించి, తేల్చెను. ప్రభుత్వము క్రొత్త సాక్ష్యము తెచ్చి మెప్పించుటకు బదులు, రువాండాతో ఇంకొక ఒడంబడిక వ్రాసికొని, 2024 ఏప్రిలులో రువాండా సురక్షితదేశమని పార్లమెంటుచే చట్టమే చేయించెను. నిర్ణయాధికారు లందరును అట్లే భావింపవలెనని శాసించెను. ఆ జూలైలో వచ్చిన క్రొత్త ప్రభుత్వము ఆ యేర్పాటును విడనాడినది గనుక అది చరిత్రలో చేరినది. చట్టము చేసి వానలు కురిపింపగలిగినచో మన రాయలసీమవా రెన్నడో చేసియుందురు. వాస్తవమును ఓటు వేసి నిర్ణయించు నాడు పరీక్షకునితో పనియే లేదు.

మంచి అధ్యక్షుని ఎన్నుకొన్న చాలునా? చాలదనుటకు మన చరిత్రలోనే తార్కాణ మున్నది. 1919లో పంజాబు దురంతములను విచారించుటకు నాటి ప్రభుత్వమువారు స్కాట్లండు న్యాయాధిపతియైన హంటరు ప్రభువును అధ్యక్షునిగ నుంచి ఒక సంఘమును వేసిరి. అధ్యక్షు డొకడే, సాక్షు లొకరే, కాగితము లొకటే. వెలువడిన నివేదికలు మాత్రము రెండు. ఆంగ్ల సభ్యులు ఒక విధముగ వ్రాసిరి. చిమన్‌లాల్ సెతల్వాడ్ మొదలగు మువ్వురు భారతీయ సభ్యులు వేరుగ వ్రాసిరి. కాంగ్రెసువారు, గాంధీగారు ముఖ్యులుగ, తమ విచారణను తామే సాగించి 1920 మార్చిలో ప్రకటించిరి. జలియన్‌వాలాబాగులో చనిపోయినవారు 379 మంది యని ప్రభుత్వపు లెక్క. కాంగ్రెసువారు అంతకు చాల హెచ్చనిరి. ఆ నాడు భిన్నాభిప్రాయ నివేదికకు చోటు లేకుండ, సంఘమంతయు ఒక్క గొంతుతోనే పలుకవలెనను నియమ ముండినచో ఏమి మిగిలియుండును? కావున లండనులోని సలహా సంఘమునకు అధ్యక్షుని వెదకువారు ఆయన పాండిత్యముతోపాటు ఇంకొకటి చూడవలెను: తనతో విభేదించు సభ్యుని మాటను అచ్చులో కెక్కనిచ్చునా? హోం శాఖ తన సలహాను త్రోసిపుచ్చినపుడు ఆ సంగతిని తేదీతో సహా లోకమునకు తెలుపునా?

నార్వే దేశమువారు 2005లో లాండిన్‌ఫో అను సమాచారశాఖను వేరుపరచి, నిర్ణయించువారు దాని వ్రాతలో వ్రేలు పెట్టరాదని నియమించుకొనిరి. కెనడాలో పరిశోధనశాఖ మంత్రిత్వశాఖలో గాక, తీర్పు చెప్పు ట్రిబ్యునలు నందే యుండును. ఈ పద్ధతులందును లోపములు లేకపోలేదు. కాని వ్రాయువాడు వేరు, నిర్ణయించువాడు వేరు అను మొదటి మెట్టు వారెక్కిరి. ఇంగ్లండు ఆ మెట్టెక్కనంతకాలము ఈ అధ్యక్షుని మీద భారము హెచ్చుగనే యుండును.

ఇదంతయు మనకేల యని మీలో కొందరి మనసున నుండును. భారతదేశము 1951 నాటి ఒడంబడికపై సంతకము చేయలేదు. మనకు ప్రత్యేక ఆశ్రయచట్టమును లేదు. నిజమే. అయినను 1996లో అరుణాచలములోని చక్మాల విషయమున మన సుప్రీం కోర్టు, ప్రాణరక్షణ పౌరులకే గాక నేలపై నున్న మనుష్యు లందరికిని చెందునని చాటెను. 1942లో రంగమునుండి అడవులబడి కాలినడకను వచ్చిన తెలుగు కూలీల సంతతి శ్రీకాకుళము, విశాఖ, గోదావరి తీరములలో నేటికిని గలదు. వారు స్వదేశము చేరిరి గనుక వారి నెవ్వరును "అచ్చట నిజముగ ప్రమాద మున్నదా?" యని ప్రశ్నింపలేదు. కాగితములు లేక గట్టు చేరుట యెట్టిదో మాత్రము ఆ యిండ్లవారు చెప్పగలరు.

అంతకన్న సూటియైన సంబంధ మింకొకటి గలదు. హోం శాఖవారు దేశపత్రములు వ్రాయు దేశములలో మన దేశమును ఒకటి: మతాల్పసంఖ్యాకులను గూర్చి, హింసకు లోనగు స్త్రీలను గూర్చి. 2023 నవంబరులో భారతదేశమును, జార్జియాను సురక్షితదేశముల పట్టికలో చేర్చుటకు బ్రిటిషు ప్రభుత్వము ప్రతిపాదించెను. మన దేశము సురక్షితమని యొకరు, కాదని యొకరు వాదించుకొనుట కాదు మా యుద్దేశము. పరువుకొరకు బిడ్డను చంపుటకు వెనుదీయని బంధువులకు వెరచి దేశాంతరము పోయిన యువతి గొడవ పట్టికలో చేరునా? ఆమె యింకొక జిల్లాకు పోయి బ్రతుకవచ్చునని వ్రాయువారికి మన జిల్లాల సంగతి, కులకట్టుబాట్ల సంగతి, ఠాణాలో ఫిర్యాదు వ్రాయించుకొనుటలోని కష్టము తెలిసియున్నదా? మన దేశపత్రము పరీక్షకు వచ్చినపుడు దానిని చదువుటకు ఇక్కడి పల్లె నెరిగినవారు కావలెను. ఢిల్లీలో మూడుదినము లుండి పోయినవాడు చాలడు.

కావున మా మనవి యిది. ఈ సభలోనివారి బిడ్డలు, శిష్యులు, బంధువులు బ్రిటిషు విశ్వవిద్యాలయములలో న్యాయశాస్త్రము, సంఘశాస్త్రము, చరిత్ర బోధించుచున్నవారు గలరు. అట్టివారికి జాబు వ్రాయునపుడు ఈ సంఘపు పేరు తెలుపుడు. అధ్యక్షపీఠము ఖాళీయైనదని ప్రకటన వచ్చినపుడు అర్హులైనవారు వెనుదీయక దరఖాస్తు పెట్టవలెను. అధ్యక్షతకు తగినంత యనుభవము లేనివారు పరీక్షకులుగనైన పేరిచ్చుకొనవలెను. అభ్యర్థిని ప్రశ్నించు సభలో మేము కూర్చుండినచో ఒక్క ప్రశ్నయే వేయుదుము: "మీ విమర్శను హోం శాఖవారు తిరస్కరించిన మరునాడు మీరేమి చేయుదురు?" దానికి తడుముకొనక సమాధాన మిచ్చువాని పాండిత్యపత్రములను తరువాత చూతము.

2016 నాటి ఎరిట్రియా తీర్పు ప్రతిని, 2007 నాటి చట్టపు 48వ సెక్షను పాఠమును నేటి రాత్రినుండి మన పఠనమందిరపు బల్లపై నుంచుచున్నాము. ఇంగ్లీషు రానివారికొరకు ఆదివారము ఉదయము ముఖ్యభాగములను తెనుగున చదివి వినిపింతుము.